దేవుడి గదిలో గోనెసంచి

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితుడు రమణ ఇంటికి వెళ్లాను. పూజగదిలో వేంకటేశ్వరస్వామి పక్కన ఆ పెద్దాయన ఫొటో కనిపించగానే దండం పెట్టాను. తెల్లవాళ్ల కాలంలో మా ఊళ్లో జూట్ మిల్లు నడిపి, మేం చదివిన బడి కట్టించిన మనిషి. మా ఊరివాళ్లకి ఆయనా దేవుడే.

అమెరికాలోనే పుట్టి పెరిగిన రమణ కూతురు మేఘన మాత్రం దండం పెట్టలేదు.

"పెట్టు తల్లీ. ఆయన బడి లేకపోతే నేనిక్కడ లేను," అన్నాడు రమణ.

"నో డాడీ. తాతమ్మ ఆయన మిల్‌లో బ్యాగ్స్ కుట్టి, ఆ డస్ట్‌కి దగ్గొచ్చి చనిపోయిందని నువ్వే చెప్పావ్. స్కూల్ ఆమె కూడా కట్టినట్టే కదా?"

నాకు ఒళ్లు మండింది. "పెద్దవాళ్లని అలా అనకూడదమ్మా!"

"నేను బ్యాడ్‌గా ఏం అన్లేదు అంకుల్. తాతమ్మ ఫొటో కూడా పెట్టండి, ఇద్దరికీ దండం పెడతా."

రమణ తల దించుకున్నాడు. తాతమ్మకి ఫొటో లేదు. ఆ మిల్లులోనే గోనెసంచులు కుట్టిన మా నాయనమ్మకీ లేదు.

మేఘన వంటింట్లోకి వెళ్లి, ఖాళీ అయిన బాస్మతి బియ్యం గోనెసంచి తెచ్చింది. దాన్ని మడిచి ఆయన ఫొటో పక్కన పెట్టి, అప్పుడు చేతులు జోడించింది.

దాన్ని అక్కణ్ణుంచి తీసే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.