చెట్లను తట్టి చూసిన తాతయ్య

నా చిన్నప్పుడు మా తాతయ్యతో నడవడమంటే ప్రాణం విసిగిపోయేది. అంత మెల్లగా నడిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పందొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్త. ఇల్లందులో మా ఇంటి వెనక నుంచి ఒక బాట టేకు చెట్ల మధ్యగా వాగుదాకా పోయేది. చకచకా నడిస్తే పావుగంట. తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాయన, బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. అన్నేళ్లు చీకట్లో గడిపాడేమో, ఎండపొడ అంటే ఆయనకు మహా ఆశ. రోజూ పొద్దున్నే నన్ను వెంటేసుకుని ఆ బాట పట్టేవాడు. రోజు మొత్తంలో ఆయనకున్న సంబరం అదొక్కటే.

గనిలోకి దిగగానే పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో ఊడిపడేలా ఉందో చూసుకోవడం అక్కడి పనివాళ్ల అలవాటు. తాతయ్య అడవిలోనూ అదే చేసేవాడు. నాలుగడుగులకొకసారి ఆగి, ఏదో ఒక చెట్టును చేతికర్రతో తట్టి, మానుకు చెవి ఆనించేవాడు. ఇది లోపల డొల్ల, ఇది గట్టిది, ఇందులో చీమలున్నాయి అని తీరిగ్గా చెప్పేవాడు. ఆలోగా నేను రాలిన ఇప్పపూలు ఏరుకు తినేదాన్ని, పాలపిట్ట కోసం కొమ్మలు వెతికేదాన్ని. నిజం చెప్పాలంటే బాగానే ఉండేది. కానీ వాగు కనబడేసరికి బడి టైం అయ్యేది. నీళ్లలో కాలు పెట్టకుండానే వెనక్కి తిరిగేవాళ్లం.

ఒకరోజు అలిగి వచ్చి అమ్మకు చాడీ చెప్పాను. తాతయ్య చెట్టుచెట్టుకూ ఆగుతున్నాడని, ఎంతసేపూ మానుకు ఆనుకునే ఉంటున్నాడని. అమ్మ చేతిలో పని ఆగిపోయింది. ఆ పూటే ఆయన్ను దవాఖానాకు తీసుకుపోయింది. ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్మేనట. ఆయన ఆగింది చెట్లను వినడానికి కాదు, ఊపిరి అందక. ఆ రోజు నుంచి నడక బంద్ అయింది.

తాతయ్య పొద్దున్నే అలవాటుగా చేతికర్ర అందుకునేవాడు. గడప మీద కూర్చుని బాట వైపు చూసేవాడు. ఆ ముఖం చూస్తే నాకు అన్నం సయించేది కాదు. నా నోటిదూల వల్లే కదా ఆయనకు ఈ గతి పట్టింది.

నాలుగో రోజు అమ్మ ముందు నిలబడి అబద్ధమాడాను. ఆగింది తాతయ్య కాదు, నేనే. నాకే కాళ్లనొప్పులు, తిడతావని ఆయన మీద పెట్టాను అన్నాను. అమ్మ నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. గడప మీది మనిషిని కాసేపు చూసి, చివరికి అంది.

"సరే, నీ కాళ్లు నొయ్యకుండ మెల్లగ పోయి రాండ్రి. బాట మొదట్ల ఉన్న మోదుగు చెట్టు దాకనే."

మర్నాడు బాట ఎక్కీ ఎక్కగానే, తాతయ్య కర్ర ఎత్తేలోపే నేను నేల మీద కూలబడ్డాను.

"కాళ్లు గుంజుతున్నయ్ తాతా."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు.

"అవ్ బిడ్డా. నాకు గూడ పానం అలిసింది."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఆ రోజు ఒక్క చెట్టునూ తట్టలేదు. ఊరికే కూర్చుని, ఎండ ఆకుల మీదికి ఎక్కడం చూశాం.

ఆ తర్వాత ఆయన రెండేళ్లే ఉన్నాడు. వాగుదాకా మేం మళ్లీ పోనేలేదు. ఇప్పటికీ నాతో నడిచేవాళ్లలో ఎవరి అడుగు తడబడినా, వాళ్లకంటే ముందు నేనే అలసిపోయానంటాను. ఈ మధ్య, ఈ వయసులో, అందుకు అబద్ధమాడాల్సిన పని కూడా ఉండటం లేదు.