డెబ్బై అయిదు కిలోల భారతమ్మ

రావిర్యాల దగ్గర మేం పనిచేసే షెడ్డులో స్పీడు బోట్లు తయారవుతాయి. సముద్రం మొహం చూడనివాళ్ళం పడవలు చేస్తున్నామంటే చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ. అచ్చులో గాజునార పరిచి, జిగురు పూసి గట్టిపరచడం మా పని. భారతమ్మ చెయ్యి పడితే అందులో ఒక్క గాలిబుడగ మిగలదు. పొలం ప్లాట్లయిపోయి, మొగుడు వీరేందర్ నడుం పట్టేసి టాక్సీ మానేశాక, ఆ ఇంటికి ఆమె జీతమే దిక్కు. పర్మినెంటు చేస్తారని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది.

ఆమె కొంప ముంచింది ఆమె బరువే. కొత్త పడవను చెరువులో పరీక్షించాలంటే సీటుకో డెబ్బై అయిదు కిలోల మనిషి కావాలట. ఇంజనీరు నవీన్‌కుమార్ మమ్మల్నందరినీ జిగురు డబ్బాలు తూచే కాంటా ఎక్కించాడు. మగవాళ్ళంతా బక్కప్రాణాలే. భారతమ్మ ఎక్కితే ముల్లు సరిగ్గా డెబ్బై అయిదు మీద ఆగింది. అందరి ముందూ తూచాడని ఆమె సిగ్గుతో చచ్చిపోతుంటే, ఆయన తెగ మురిసిపోయాడు.

"నాకు ఈత రాదు సారూ. ఇసుక మూటలు పెట్టుకోరాదుండ్రి?" అంది.

"మూట కదలకుండా పడుంటుందమ్మా. పడవ ఒరిగితే మనిషి ఒళ్ళు కూడా ఊగుతుంది. నేను కొలవాల్సింది అదే. బెల్టుంది, లైఫ్ జాకెట్టుంది, భయమెందుకు?"

ఎందుకో ఎక్కితే తెలుస్తుంది. నేనొకసారి సరదాపడి ఎక్కాను, చాలు. మెల్లగా పోయేటప్పుడు పడవ నీళ్ళలో నిండుగా కూర్చుంటుంది. వేగం పెరిగితే కింది నీళ్ళు దాన్ని పైకి నెట్టేస్తాయి. ముక్కు లేచి, వెనక కొంచెం మాత్రమే నీళ్ళకు ఆనుతుంది. ఇక అప్పుడు రవ్వంత ఒరిగినా ఆ పక్క నీళ్ళు ఎగదన్ని రెండో పక్కకు పడేస్తాయి, అటు నీళ్ళు మళ్ళీ ఇటు. ఆ ఊపు పెరుగుతున్నకొద్దీ గుండె నోట్లోకొస్తుంది. దిగుతానంటే ఎక్కడ దిగుతారు?

"పని ఇడిస్తే ఇల్లు నడువదు, ఎక్కుతే పానం పోతది. యాడికి పోవాలె నిర్మలా?" అని నా దగ్గర ఏడ్చేది భారతమ్మ.

చివరికి రాత్రి అన్నం మానేసింది. పండక్కి భక్ష్యాలు చేసి అందరికీ పెట్టి తను ముట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి. పరీక్షకు ముందు మళ్ళీ తూచినప్పుడు, బరువు తగ్గిందని కాంటా మీంచే నాకు కన్నుగీటింది. నవీన్‌కుమార్ చూశాడు. తగ్గినంత ఇసుక సంచిలో పోయించి ఆమె ఒళ్ళో పెట్టించాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. కడుపు మాడ్చుకున్న మనిషి ఒళ్ళో ఇసుకా!

ఆ రోజు పడవ వేగంగా మలుపు తిరిగి ఒరగ్గానే, సంచి ఆమె చేతుల్లోంచి జారి వంగిన పక్కకే పోయి పడింది. ఆ బరువుకు పడవ ఇంకా ఒరిగి, అంచు మీదుగా నీళ్ళు లోపలికొచ్చాయి. సంచిని అందుకుందామంటే బెల్టు లేవనివ్వలేదు. ఆమె అరుపు గట్టు మీద మాకు వినిపించింది. డ్రైవరు మెల్లగా వేగం తగ్గించాక పడవ అతికష్టం మీద నిలబడింది.

ఒడ్డుకొచ్చి లైఫ్ జాకెట్టు విప్పేస్తూ చెప్పింది.

"ఇగ నేను ఎక్క సారూ. జిగురు పూస్త, షెడ్డు ఊడుస్త, ఏ పనన్న చేస్త. గా సీట్ల మాత్రం కూసోను."

ఆయన వింటేగా. కంప్యూటర్లో గీతలు చూసి సంబరపడుతున్నాడు. బరువు జారితే పడవ ఎంత ఒరుగుతుందో ఇన్నాళ్ళూ అంతు చిక్కలేదట, ఇవాళ చిక్కిందట.

"మీలాంటి మనిషిని వదులుకుంటామా భారతమ్మగారూ! పర్మినెంటుకు ఇవాళే రాస్తాను, పరీక్షల విభాగంలో."

నెల తిరక్కుండా ఆర్డరొచ్చింది. వీరేందర్ నడుం నొప్పి మరిచి వాడంతా మిఠాయి పంచాడు. నేను వెళ్ళేసరికి భారతమ్మ గోడకానుకుని కూర్చునుంది. చిన్న కూతురు రేఖ ఆమె నోట్లో లడ్డూ పెట్టింది.

"అమ్మా, ఇగ నువ్వు ఏం పని చేస్తవే?"

"కూసుంటనే."

"గంతేనా? కూసుంటే జీతమిస్తరా? అయితే పెద్దయినంక నేను గూడ గదే పని చేస్త!"

భారతమ్మ గబుక్కున ఆ పిల్ల నోరు చేత్తో మూసేసింది.