నలభైదా, వందదా?

పదేళ్లకు పైగా ఒక చిన్న ఎర్ర మూతను మోశాను. ప్లాస్టిక్ మూత. గ్రాము బరువు కూడా ఉండదు. ఈ పొద్దున దాన్ని దించి వచ్చాను. చివరి పరీక్ష రాసి బయటికి పరుగెత్తుకొచ్చినట్టుంది. తార్నాకలో మా ఇంట్లో కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను.

యూనివర్సిటీలో జర్నలిజం చదువుతున్న రోజులవి. హాస్టల్లో నా గదిలో ఉన్నవాణ్ని శ్రీశైలం అంటాను, అసలు పేరు కాదు, మొదటి అక్షరం మాత్రం అదే. నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. సిగరెట్‌కు బదులు బ్యాటరీతో ఆవిరి వదిలే గొట్టాలు అప్పుడే కొత్తగా వచ్చాయి. వాటి మీద నిషేధం ఇంకా రాలేదు. వాటిలో పోసే ద్రవం మాత్రం సరిగ్గా దొరికేది కాదు. మనమే కలుపుకుందామన్నాడు శ్రీశైలం.

ఆ సంబరం ఎలా చెప్పను? మా చదువుల బల్ల ఒక్క వారంలో ప్రయోగశాల అయిపోయింది. బంగారం కొట్లో ఉండేలాంటి అరచేతి త్రాసు, చిక్కటి గ్లిజరిన్, సన్న ముక్కు సీసాలు, చేతులకు తొడుగులు, ఇన్సులిన్ సూదులు. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒకే రెండు రూపాయల నాణేన్ని త్రాసు మీద పెట్టేవాడు. గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్న అంకె రావాలి. రాకపోతే ఆ రోజు పని బంద్. తర్వాత ఖాళీ సీసా పెట్టి, సున్నా నొక్కి, ఊపిరి బిగబట్టి చుక్క చుక్కగా పోసేవాడు. పాయింటు తర్వాత అంకె మారుతుంటే మేమిద్దరం క్రికెట్ స్కోరు చూసినట్టు చూసేవాళ్లం. గ్లిజరిన్ చిక్కన, సూదిలో సగం గోడలకే అంటుకుంటుంది, అందుకే దాన్ని బరువుతో కొలవాలనేవాడు. నికోటిన్ మాత్రం ఆ త్రాసుకు అందనంత కొంచెం. దానికొక్కదానికే సూది. కలిపాక సీసాకు తెల్ల టేపు అంటించి, మార్కర్‌తో తేదీ వేసి, కింద ‘శ్రీ’ అని రాసేవాడు. సోంపు వాసనతో మొదటి సీసా కుదిరిన రోజు మా వరండా అంతా పండగ.

ఒకసారి గ్లిజరిన్ నేను పోశాను.

“ఎంత పోసినవ్ రా?” అన్నాడు.

“సుమారు సగం.”

“సుమారంటే ఎన్ని గ్రాములు? మీ పేపరోళ్లకు సుమారు, దాదాపు అంటే నడుస్తది. గీడ నడవది.”

“ఒక గీత అటూ ఇటూ అయితే ఏమవుతుందిరా?”

“ఏ సూది గీత? ముందు అది చెప్పు, ఏమైతదో నేను చెప్తా.”

నవ్వేశాను. ఆ ప్రశ్నకు అర్థం ఉందని అప్పుడు తోచలేదు. పత్రికలో చేరాక ఎవరి వార్తలో ‘సుమారు’ కనిపించినా కొట్టేస్తున్నాను. ఎందుకో డెస్కులో ఎవరికీ తెలియదు.

ఒక శనివారం మధ్యాహ్నం శ్రీశైలం మెట్టుగూడలో ట్యూషన్ చెప్పడానికి వెళ్లాడు. ఎదురు గది కిరణ్ వచ్చి సీసా అయిపోయిందన్నాడు. నాకు లోపల ఒక గంతు. ఈసారి నేనొక్కణ్నే కలపాలి. సూదులు లేవు. తార్నాక దాకా నడిచి మందుల షాపులో ఇన్సులిన్ సూది అడిగాను.

“నలభైదా, వందదా?” అన్నాడు షాపాయన.

“ఏదైనా ఇవ్వండి” అన్నాను.

అంతే. నా తప్పంతా ఆ రెండు మాటల్లోనే ఉంది అనుకుంటే బాగుండు. లేదు. అది పొరపాటు మాత్రమే. తప్పు తర్వాత వచ్చింది.

గదికొచ్చి నాణెం పెట్టాను, అంకె సరిపోయింది. శ్రీశైలం నోటుబుక్కులో ‘ఇరవై దాకా’ అని ఉంది. నికోటిన్‌ను సూదిలో ఇరవై గీత దాకా లాగాను. సీసా మీద తేదీ వేశాను. కింద అతను రాసినట్టే ‘శ్రీ’ అని రాశాను. నా పేరుంటే కిరణ్ ముట్టుకోడు, అందుకని. దాన్ని అప్పుడు దొంగతనం అనుకోలేదు. ఇప్పుడు ఏమనుకోవాలి?

శ్రీశైలం కలిపిందే అనుకుని కిరణ్ ఆ సాయంత్రమంతా దాన్ని వదలకుండా పీల్చాడు. వాంతులు, చెమటలు. గుండె దడదడలాడుతోందని నా చెయ్యి పట్టి ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మర్నాటికి కోలుకున్నాడు. నేను గదికొచ్చి ఊడుస్తుంటే బల్ల కింద సూదుల మూతలు దొరికాయి. పాతవన్నీ నారింజ రంగు. ఒక్కటి ఎర్రది. సూది మీద చూశాను: నలభై గీతలు. అప్పటిదాకా మేం వాడినవి వంద గీతలవి. రెండింటిలోనూ పట్టేది ఒక మిల్లీలీటరే. వందదానిలో ఇరవై అంటే మిల్లీలీటరులో ఐదో వంతు. నలభైదానిలో ఇరవై అంటే సగం. అంకె ఒకటే, నికోటిన్ రెండున్నర రెట్లు. ఎర్ర మూత జేబులో వేసుకున్నాను.

సోమవారం వార్డెన్ పిలిచాడు. ఆయన బల్ల మీద మా త్రాసు, నాణెం, ఆ సీసా. ఇది కలిపింది ఎవరని అడిగాడు. శ్రీశైలం సీసాను తిప్పి టేపు చూశాడు. ఆ వారం అతను ఆరు సీసాలు కలిపాడు, రెండు శనివారం పొద్దునే; ఇది వాటిలో ఒకటనుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“నేనే సార్. లెక్క యాడనో తప్పినట్టున్న” అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. జేబులో మూత వేళ్లకు తగులుతోంది. ఎందుకు మాట్లాడలేదు? ఒక పత్రికలో ట్రైనీగా తీసుకుంటామని అప్పుడే కబురొచ్చింది. అది పోతుందని భయం. ఇది కారణమా, తర్వాత నేను అల్లుకున్న సాకా? ఇన్నేళ్లుగా ఒక్కో రోజు ఒక్కోలా తేల్చుకున్నాను. నిజం ఇంతే: మాట్లాడటానికి ఒక క్షణం ఉంది, నేను దాన్ని పోనిచ్చాను, ఆ తర్వాత ప్రతి క్షణం అంతకంతకూ కష్టమైంది.

అతని హాస్టల్ సీటు పోయింది. మాణికేశ్వర్ నగర్‌లో చిన్న గది తీసుకుని ఎమ్మెస్సీ ముగించాడు. పీహెచ్‌డీకి చేర్చుకుంటానన్న ప్రొఫెసర్, కొలవడం రానివాణ్ని ల్యాబ్‌లోకి రానివ్వనన్నాడట. శ్రీశైలం వాదించలేదు. ఆ మాట అతను నమ్మాడు. ఇప్పుడు రామంతాపూర్‌లో జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. ఈ పనిలో కొలత ఉండదు, అందుకే పెట్టిన అని నవ్వుతాడు. ఆ నవ్వు ముందు ఎన్నిసార్లు టీ తాగి లేచి వచ్చానో.

కిందటి నెల వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చింది. ఆమెకు షుగరు, రోజూ పొద్దున ఇన్సులిన్ పడాలి. ఇక్కడ పక్కింట్లో ఉండే నర్సు వేసేది, ఆవిడ ఇల్లు మారింది. శ్రీశైలం నాకు ఫోన్ చేశాడు. నా చెయ్యి కొలతకు పనికిరాదు, నువ్వు రా అన్నాడు. వెళ్లాను. పదకొండు రోజులు నేనే వేశాను. తర్వాత ఆఫీసు పని మీద రెండు రోజులు ఊరెళ్లాను. ఆ రెండు రోజులూ ఆమెకు సూది పడలేదు. మందు చేతిలో పట్టుకుని కూర్చున్నాడట, లాగలేకపోయాడట. ఆమె కళ్లు తిరిగి పడిపోయింది.

నిన్న తిరిగొచ్చి, ఫోన్లో ఈ సంగతి విని, సూదుల కోసం తార్నాకలో ఆగాను. నలభైదా, వందదా అని అడిగాడు షాపులో కుర్రాడు. రెండూ ఒక్కొక్కటి ఇవ్వమన్నాను.

ఈ పొద్దున శ్రీశైలం ముందు రెండు సూదులూ పెట్టాను. పక్కన నా పాత ఎర్ర మూత పెట్టాను. మొత్తం చెప్పాను. షాపు, నోటుబుక్కు, టేపు, వార్డెన్ గది. మాటలు నా కంటే ముందు పరుగెత్తాయి. క్షమించమని అడగలేదు. అడిగితే అతని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

ఒక్కటే అడిగాడు.

“శ్రీ అని నువ్వే రాసినవా?”

“నేనే.”

లేచి చేతులు కడుక్కున్నాడు. మందు బుడ్డి మీద అచ్చు చదివాడు. అమ్మ మందు మిల్లీలీటరుకు నలభై యూనిట్లది, దానికి నలభై గీతల ఎర్ర మూత సూదే సరైనది. దాన్నే తీశాడు. కిటికీ వెలుగుకు పట్టి మెల్లగా లాగాడు, గాలి బుడగను గోటితో కొట్టి పైకి పంపాడు, గీత చదివాడు, మళ్లీ చదివాడు. నాకు చూపించలేదు.

“ఇయ్యాల నువ్వేస్తున్నవా బిడ్డా?” అంది వాళ్లమ్మ.

“నేనే అమ్మా.”

వేశాడు. సూది పక్కన పెట్టి, నా వైపు తిరగకుండానే అన్నాడు: “రేపటి సంది నువ్వు రాకు.”

అది కోపమో ఇంకేదో తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందని అనుకోను. మెట్లు దిగి, ఆటోలు ఆగి పిలుస్తున్నా ఎక్కకుండా, తార్నాక దాకా నడిచాను. దారిలో అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీగా ఉంది. ఇంకా నాలుగడుగులు వేసి మళ్లీ పెట్టి చూశాను.