సెంటర్లో దిష్టి గుడ్డు పెంకులు ఏరిన టీచరు గారు

పోయిన వారం మంగళవారం తెల్లవారుజామున మా ఎదురింటి లెక్కల టీచరు గారు నిద్రలోనే పోయారు. గుండె జబ్బు. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని డాక్టర్లు చాలా ఏళ్ల కిందటే చెప్పారు. ఆవిడ మందులు వాడుతూనే ఉన్నారు. ఇది ముందే రాయడానికి కారణం ఉంది. ఆ మధ్యాహ్నానికే మా వీధిలో ఇంకో మాట పుట్టింది. వీధిలో అందరి దిష్టీ ఆవిడకే తగిలిందని.

ఆ మాటకు మూలం ఆవిడ పెరట్లో ఉన్న ఎరువు కుప్ప. దాన్ని తవ్వించి కాలవ అవతల పారబోయించమని టీచరు గారి చెల్లెలికి రోజూ ఎవరో ఒకరు చెప్పి వెళుతున్నారు. ఆ ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్లిద్దరే. ఇప్పుడు చెల్లెలు ఒక్కరే.

మాది రాజమండ్రి శివారు లేఅవుట్. పాత గోడలు పడగొట్టిన చెత్త పోసి మెరక చేసిన నేల. గునపం వేస్తే ఇటుక ముక్క తగులుతుంది. గోదావరి అంత దగ్గరలో ఉన్నా ఒండ్రు మట్టి మా వీధిలోకి లారీలో వస్తే తప్ప రాదు. ఆ నేల మీద వంగ, బెండ, బీర పండించాలని టీచరు గారు రిటైరైన ఏడాది పట్టుపట్టారు.

మా సెంటర్లో మూడు వీధులు కలుస్తాయి. కాబట్టి చుట్టుపక్కల ఎవరు దిష్టి తీసినా గుడ్డు అక్కడే పగలగొడతారు. అమావాస్య మర్నాడు మరీ ఎక్కువ. ఒకసారి గుడ్డు తొక్కకూడదని స్కూటరు మీద వెళుతున్నాయన పక్కకు తిప్పి, మురిక్కాలవలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మా పేపర్లో నేను నాలుగు లైన్లు రాసి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున టీచరు గారు చీపురు, చేట, పాత బకెట్టు పట్టుకుని సెంటర్లో నిలబడ్డారు. సొన మీద బూడిద చల్లి ఊడ్చారు. పెంకులు బకెట్లో వేసుకున్నారు.

ఆ ఇంట్లో గుడ్డు వండరు. గుమ్మం కూడా దాటనివ్వరు. అందుకే పెంకుల పనంతా పెరటి కుళాయి దగ్గరే. కడిగి, రేకు మీద ఎండబెట్టి, దానికోసమే ఉంచిన చిన్న రోట్లో దంచేవారు. ఆ పొడి ఆకులు, పేడ, కూరగాయ తొక్కలతో పాటు కుప్పలో పొరలు పొరలుగా పడేది. మొదట్లో ఆవిడ కడక్కుండా, చేత్తో నలిపి వేశారు. వాసనకి పందికొక్కులు వచ్చి కుప్పను తలకిందులు చేశాయి. నలిపిన పెంకులేమో ఏడాది తర్వాత కూడా వేసినవి వేసినట్టే బయటపడ్డాయి. మట్టిలో పెంకు తొందరగా కరగదని నాకు తెలిసిన వ్యవసాయాధికారి అంటే ఆ మాట ఆవిడకు చేరవేశాను.

"ఎంతకాలం పడుతుందిటండీ?"

"ముక్కలైతే చాలా ఏళ్లు. మెత్తటి పొడైతే కాస్త ముందు."

"అయితే రోలు కొనాలి," అన్నారు.

మూలింటి ఆవిడతో తగాదా అప్పట్లోనే వచ్చింది. ఆ రోజు సెంటర్లో పగిలింది వాళ్ల మనవడికి జ్వరమొస్తే దిష్టి తీసిన గుడ్డు. టీచరు గారు ఏరుతుంటే ఆవిడ గేటు దగ్గర్నుంచే అందుకున్నారు.

"ఏంటండీ టీచరు గారూ, దిష్టి తీసింది ఎవరైనా ముట్టుకుంటారా?"

"పెంకే తీసుకున్నానండి. దిష్టి రోడ్డు మీదే వదిలేశాను, చూసుకోండి."

"మీకంతా నవ్వులాటండి. ఇంక మీ పెరట్లో బీరకాయలు మా ఇంటికి పంపకండి."

"సరేనండి. ఈసారి మాత్రం కాస్త పల్చటి పెంకున్న గుడ్డు తియ్యండి. దంచలేక చేతులు పడిపోతున్నాయి."

వీధిలో నవ్వనివాళ్లు లేరు, మూలింటి ఆవిడ తప్ప. బీరకాయలు మాత్రం నిజంగానే ఆ ఇంటికి వెళ్లడం ఆగిపోయింది. టీచరు గారికి అది లోపల గుచ్చుకుందని వాళ్ల చెల్లెలు మొన్ననే చెప్పారు.

ఒక ధనుర్మాసపు పొద్దున నన్ను పిలిచి కుప్ప పైపొర తీశారు. ఆవిరి లేచింది. చెయ్యి పెట్టమన్నారు. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లులా కాలుతోంది. అగ్గి లేదు, కరెంటు లేదు. తొక్కలూ ఆకులూ వాటంతటవే ఉడుకుతున్నాయి. అరచేతిలోకి తీసుకున్న నల్లటి మట్టిలో ఆవగింజల్లా అక్కడక్కడా తెల్లటి నలుసులు.

"ఇవి కలవలేదేంటండీ?" అన్నాను.

"అవింకా చదువుకుంటున్నాయండి," అన్నారు లెక్కల టీచరు గారు.

నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. పని జరిగితే తన వల్లేనని అనని మనుషులు తక్కువ. ఆవిడ టమాటాలకు ఒక ఏడాది కాయల అడుగున నల్లమచ్చ పడి కుళ్లిపోయాయి. మరుసటేడు ఒక్క కాయకూ మచ్చ లేదు. పెంకుల పొడి మహిమ అని రాస్తానన్నాను. వద్దన్నారు. "పొడి వేసిన ఏడాదే రోజూ వేళకి నీళ్లు పొయ్యడం కూడా మొదలెట్టానండి. ఏది పనిచేసిందో నాకు తెలీదు. తెలియంది అచ్చెయ్యకండి." అన్నన్ని బకెట్లు మోసిన మనిషి ఆ మాట అంటుంటే నేను పెన్ను జేబులో పెట్టేశాను. ఇటుక ముక్కల నేలలో ఇప్పుడు మోచేతి వరకు చెయ్యి దిగుతుంది. ఆవిడ చూపించి మురిసింది ఆ లోతునే.

నిన్న చెల్లెలు గారు నన్ను పిలిపించారు. కళ్లు వాచి ఉన్నాయి.

"మీరు పేపరు వాళ్లు కదండీ, ఉన్నదున్నట్టు చెప్పండి. అక్క దేనివల్ల పోయింది?"

డాక్టరు రాసిందే చెప్పాను. కవాటం సంగతి ఆవిడకూ తెలుసు. అయినా ఇంకో మనిషి నోటి నుంచి వినాలనుకున్నారు.

"మరి కుప్ప ఎందుకు తీయించాలండి?"

 ఆవిడే నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, మూలనున్న వంగనారు చూపించారు. పోయే ముందు నెల అక్క పోసిన నారు. నాటుకి వచ్చింది. "కుప్ప ఉంటుందండి. అందులోది వేసే నాటతాను," అన్నారు. ఆ సాయంత్రమే వీధిలో అందరికీ చెప్పారు. మిగిలిన నారు కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లవచ్చని కూడా చెప్పారు.

మూలింటి ఆవిడ చెల్లెలు గారి గేటు దగ్గర ఆగారు గానీ లోపలికి రాలేదు. "నేను రానమ్మా. నాకు ఇంకా భయమే. మా కోడలు వస్తానంటోంది, వద్దనలేదు," అని వెళ్లిపోయారు.

కర్మలు శనివారంతో అయిపోతాయి. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, చెల్లెలు గారు కుప్ప తెరుస్తారు.