ట్రాన్సిస్టర్ వెనక నంబరు

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలోని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద పొందిన సభ్యుడు ట్రాన్సిస్టర్. దానికి మా బామ్మ పువ్వులు కుట్టిన గలీబు ఉండేది. నాకు మా అన్నయ్య పాత చొక్కాలు ఉండేవి. అది వచ్చిన అట్టపెట్టె కూడా అటక మీద భద్రంగా ఉండేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా వాళ్లకు సామాను పారేయడం తెలుసు కానీ, అది వచ్చిన పెట్టెను పారేయడం తెలియదు.

ఒక ఆదివారం ఆ ట్రాన్సిస్టర్ మాయమైంది. మాకూ పక్కింటికీ మధ్య ఉన్న పిట్టగోడ మీద పెడితే స్టేషన్ బాగా తగిలేది. అందుకని గలీబు తీసి అక్కడ పెట్టి, భోజనాలకు లోపలికి వెళ్లాం. వచ్చేసరికి గోడ మాత్రమే ఉంది. ఇల్లంతా వెతికాం. మా బామ్మ బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసింది. ఎందుకో ఆవిడకే తెలియాలి.

సాయంత్రం పై గదిలోంచి వార్తలు వినిపించాయి. ఆ గదిలో ఒక అన్న కిరాయికి ఉండేవాడు. పల్లె నుంచి వచ్చి, సర్కారు ఉద్యోగానికి చదువుకుంటున్నాడు. పరీక్ష దగ్గర పడింది. మొన్ననే ఊరెళ్లి వచ్చాడు. అతని గదిలో రేడియో మోగడం అదే మొదటిసారి. మా తాతయ్య అట్టపెట్టె దింపించి, ఆ అన్నను సెట్టుతో సహా వరండాలోకి పిలిచారు.

అచ్చంగా మాదే. అదే రంగు, అదే పిడి. వెనక మూత మీద పెద్ద అక్షరాల్లో ఒక నంబరు ఉంది. పెట్టె మీద కూడా అంతే పెద్ద అక్షరాల్లో ఒక నంబరు ఉంది. తాతయ్య రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. పొల్లు పోకుండా సరిపోయాయి. రోజూ మెట్ల మీద కూర్చోబెట్టుకుని నాకు లెక్కలు చెప్పే మనిషి ఆ అన్న.

"నంబరు అబద్ధం చెప్పదు బాబూ," అన్నారు తాతయ్య. "రేపటికల్లా గది ఖాళీ చెయ్యి."

"మా బాపు కొనిచ్చిండు సార్, ఒట్టు. పరీక్ష ముంగట నన్ను ఏడికి పొమ్మంటరు?"

అప్పటికే వీధిలో సగం మంది మా గేటు దగ్గర ఉన్నారు. మిగతా సగం వస్తున్నారు. పోలీస్ స్టేషన్‌కు దారి ఎవరూ అడగకుండానే ఇద్దరు ముగ్గురు చెప్పారు.

పక్కింటి అక్క ఇదంతా పిట్టగోడ అవతల నిలబడి చూస్తోంది. ఆమె బషీర్‌బాగ్‌లో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. ఒక్క నిమిషం ఆగమని ఇంట్లోకి వెళ్లి, తమ ట్రాన్సిస్టర్ పట్టుకుని మా వరండాకు వచ్చింది. అదీ అదే రంగు, అదే పిడి.

"దీని వెనక నంబరు కూడా చదవండి తాతయ్యగారూ."

చదివారు. అదే నంబరు.

"మరి ఇది కూడా మీదేనా?"

తాతయ్య రెండు సెట్లనూ మార్చి మార్చి చూశారు. అక్క నెమ్మదిగా చెప్పింది. పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆ రకం సెట్టు పేరు లాంటిదట. కంపెనీ చేసిన అలాంటి సెట్లన్నిటికీ అదే ఉంటుందట. ఏ సెట్టుకు ఆ సెట్టుకు వేరుగా ఉండే నంబరు బ్యాటరీల కింద సన్నగా కొట్టి ఉంటుంది. పెట్టె పక్కన అంటించిన చిన్న చీటీ మీద కూడా అదే ఉంటుంది. తాతయ్య బ్యాటరీలు తీసి చూశారు. అన్న సెట్టు నంబరుకీ మా చీటీకీ చుట్టరికం కూడా లేదు. వీధి కొంత నిరాశపడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆమెది టీచరు బుద్ధి. "మా సెట్టుకు ఇంకో నంబరుంటుంది, చూడండి," అంటూ తన సెట్టు కూడా విప్పి, ఒక్కో అంకె పైకి చదవడం మొదలుపెట్టింది. తాతయ్య చీటీ మీద వేలు పెట్టి చూసుకుంటున్నారు. మొదటి అంకె సరిపోయింది. రెండోదీ, మూడోదీ సరిపోయాయి. నేను అక్క ముఖం చూస్తున్నాను. ఒకసారి ఆమె చూపు తాతయ్య వేలి మీదకు వెళ్లి వచ్చింది. ముఖం రంగు మారింది. సెట్టు ఆమె చేతిలో ఉంది, అంకెలు ఆమెకు తప్ప ఎవరికీ కనిపించవు. నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పి మూత వేసేస్తే, దొంగ మళ్లీ ఎవరో బయటి మనిషే.

ఆమె అదే గొంతుతో చివరి అంకె దాకా చదివింది.

"ఇది మీదే తాతయ్యగారూ," అంది. "మా ఇంట్లోనే ఉంది."

కాసేపటికి అక్క వాళ్లమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చారు. తమ సెట్టును ఆవిడ భర్త నారాయణగూడలో రిపేరుకిచ్చి, ఇంట్లో చెప్పలేదు. గోడ మీద మాది కనిపిస్తే, ఆయన బయట పెట్టి మరిచిపోయారనుకుని, ఆయన మతిమరుపును తిట్టుకుంటూ లోపలికి తీసుకెళ్లారట.

తాతయ్యకు క్షమించమనడం అలవాటు లేదు. "పరీక్ష ఎప్పుడు బాబూ?" అని అడిగారు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"బ్యాటరీలు జర సక్కగ పెట్టియ్యుండ్రి సార్," అన్నాడు అన్న. అంతే అన్నాడు. తాతయ్య కూర్చుని, తనే పెట్టి ఇచ్చారు. పరీక్ష అయ్యాక అన్న అశోక్‌నగర్‌లో వేరే గది చూసుకున్నాడు. కారణం మేము అడగలేదు. అతను చెప్పలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

సరిపోయింది అని ఎవరైనా గట్టిగా అంటే, ఇంకెన్నిటికి సరిపోతుందో చూడాలనే అనుమానం ఆ రోజు నుంచే నాకు పట్టుకుంది. దానివల్ల ఆఫీసులో నాకు పెద్దగా స్నేహితులు లేరు. కానీ అంతకంటే లోపల ఉండిపోయింది అక్క గొంతు. ఏదైనా నలుగురిలో పైకి చదువుతున్నప్పుడు, నాకు గిట్టని అంకె దగ్గరికి వస్తే, ఆమెలాగే గొంతు మార్చకుండా చదవాలని చూస్తాను. ఈ వయసులో కూడా ఆ ఒక్క అంకె దగ్గర నాకు వేరేది చదివేయాలనిపిస్తుంది. ఉన్నదే చదువుతాను.