గుండీలు పోసిన కవరు

లాయరమ్మ దగ్గర పనిచేసే ముసలి గుమాస్తా రోజూ పొద్దున్నే తలుపేసుకుని ఆఫీసు కంప్యూటరుకి దణ్ణం పెడతాడని మా వీధిలో ఒక పుకారు. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చెప్పుకోనివాళ్ళూ లేరు.

ఆయన్ని అందరూ కవర్ల బాబాయి అంటారు. నలభై ఏళ్ళ సర్వీసులో ఒక్క తపాలా కవరు పారేసిన పాపాన పోలేదు. ఉత్తరం వస్తే ముందు కవరు, దాని మీద ముద్ర, ఆ తర్వాతే లోపలి సంగతి. పెళ్ళి శుభలేఖ వచ్చినా అంతే, ఆయన ముద్ర చదివేసరికి అక్కడ పిల్లలు పుట్టేస్తారు. ఆయన బీరువా తెరిస్తే కవర్లు వరదలా వచ్చి మనిషిని మెట్ల దాకా ఈడ్చుకుపోతాయి.

అలాంటి చోటికి లాయరమ్మ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. అది ప్రశ్నలడుగుతుంది. జవాబులు కొడితే గడువు లెక్కకట్టి, పాత తీర్పులు వెతికి, కేసు నిలుస్తుందో లేదో చెప్పేస్తుంది. బాబాయి రెండు రోజులు నిచ్చెనెక్కి దిగి వెతికే తీర్పుల్ని అది ఒక్క తుమ్ములో తీసి ముందు పెట్టింది. పాపం, ఆయన మొహం మాడిపోయింది.

ఇంతలో వీధి చివర టైలరమ్మ లబోదిబోమంటూ వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, కొట్టు ఖాళీ చెయ్యమని నోటీసు. అందిన ముప్ఫై రోజుల్లో అప్పీలు వెయ్యకపోతే, ఇరవై ఏళ్ళ కొట్టు కుట్టుమిషనుతో సహా వీధిన పడుతుంది.

నోటీసు ఎప్పుడందిందని సాఫ్ట్‌వేర్ అడిగింది. టైలరమ్మకి గుర్తులేదు. లాయరమ్మ కాగితం మీదున్న తేదీనే కొట్టేసింది. గడువు దాటి రెండు రోజులైందని తెర మీద ఎర్రగా పడింది. టైలరమ్మ కుర్చీలో కూలబడింది.

బాబాయి నోటీసు ముట్టుకోనైనా లేదు.

“కవరేదమ్మా?”

“అందులో గుండీలు పోసుకున్నాను బాబాయిగారూ.”

“పోసుకుంటే పోసుకున్నావులే. చింపలేదు కదా. పద.”

ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి లాయరమ్మ చెప్పు వేసుకుని పరిగెత్తాడు. కొట్లో గుండీలన్నీ బల్ల మీద కుమ్మరించి, సుద్దపొడి ఊది చూస్తే, నోటీసు రాసిన పదకొండు రోజులకి ఇక్కడి తపాలా ముద్ర పడింది. అందింది ఆ రోజే. ఇంకా తొమ్మిది రోజులుంది.

తేదీ మార్చి కొట్టగానే తెర పచ్చబడింది. బాబాయి మీసం దువ్వాడు. మీసం మీద చెయ్యి ఉండగానే అది ఇంకో ప్రశ్న వేసింది: అప్పీలు తేలేదాకా కొట్టు జోలికి రావద్దని విడిగా అర్జీ రాశారా? బాబాయి సంబరంలో ఆ సంగతే మరిచాడు. అది లేకపోతే అప్పీలు కోర్టులో ఉండగానే కొట్టు నేలమట్టం.

“దీనికి మీకంటే జ్ఞాపకం ఎక్కువ బాబాయిగారూ” అంది లాయరమ్మ.

“ఉండదా మరి. దానికి ఇల్లా, పెళ్ళామా?”

అప్పీలూ అర్జీ కలిసి వెళ్ళాయి. కొట్టు కూల్చకుండా కోర్టు ఆపింది, మిషను చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోంది. దణ్ణం పుకారు పుట్టింది ఆ మర్నాడే. టైలరమ్మ ఆయనకి కవర్లు పట్టేంత జేబుతో చొక్కా కుట్టిపెట్టింది. ఆ జేబులో చంటిపిల్లని పడుకోబెట్టొచ్చు.

మొన్న అదే చొక్కాలో ఎదురైతే నిజమేనా బాబాయీ అని అడిగాను.

“దణ్ణం లేదు, కవరూ లేదు. టైలరమ్మెవరో నాకు తెలీదు.”

“మరి ఈ జేబు?”

“చొక్కాలన్నిటికీ ఇంతే ఉంటుంది. అన్నీ వట్టి కోతలు.”