బుగ్గన ఉసిరికాయ

నా చిన్నప్పుడు మా అమ్మను నేను రోజంతా టీచర్ అని పిలవాల్సి వచ్చేది. పినపాక దగ్గర మా బడిలో ఐదో తరగతికి ఆమే టీచరు. బడి గేటు దాటేదాకా అమ్మ అనకూడదని ఇంట్లో గట్టి కట్టడి. అయినా నాకు లోటేమీ ఉండేది కాదు. మర్నాటి పాఠం ముందురోజు సాయంత్రమే వంటగదిలో నాకు చెప్పేసేది. కూర తిప్పుతూ ఒక లెక్క, అన్నం వారుస్తూ ఇంకో లెక్క. మర్నాడు తరగతిలో ఆమె ప్రశ్న ముగియకముందే నా నోట్లోంచి జవాబు ఊడిపడేది. అమ్మ ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు నా ఒక్కదాని సొత్తనుకునేదాన్ని.

సెల్‌ఫోన్లు మా ఊళ్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. యూనివర్సిటీ వాళ్లూ, మా వైపు కొన్ని బళ్లూ కలిసి టీచర్లకు ఒక కోర్సు పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు మణుగూరు వెళ్లి చదువుకోవాలి. తర్వాత సొంత తరగతిలో పాఠం చెబుతుంటే యూనివర్సిటీ మేడం వచ్చి వెనక కూర్చుని చూస్తుంది. ఆమెకు నచ్చితే క్రెడిట్లు ఇస్తారు, అవి ఎం.ఎడ్. చదువులో కలుస్తాయి. నేను పుట్టడంతో అమ్మకు ఆగిపోయిన చదువది. అందుకని ఆదివారాలు నాన్నా నేనూ మాత్రమే చర్చికి వెళ్లేవాళ్లం. "అమ్మ రాలేదా?" అని ఎవరైనా అడిగితే నాకు ఆ యూనివర్సిటీ మీద కడుపు మండిపోయేది.

మేడం మొదటిసారి వచ్చిన రోజు నేను ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. అమ్మను గెలిపించేశానని పొంగిపోయాను. పాఠం అయ్యాక వరండాలో మేడం నెమ్మదిగా అంది, "పాఠం బాగా చెప్పారు. కానీ తరగతి మొత్తానికి ఒకటే నోరు ఉంది. ఎవరా అమ్మాయి?" అమ్మ తల దించుకుని, మా పాపే అంది. ఆ రోజు క్రెడిట్లు రాలేదు. చలికాలంలో మరోసారి వస్తాననీ, ఈలోగా బడిలో నోరు విప్పని పిల్లను ఒకరిని ఎంచుకుని, ఆమె ఎలా నేర్చుకుంటుందో దగ్గరుండి చూడమనీ చెప్పి వెళ్లింది. అదే ఆఖరి అవకాశం. అది పోతే ఆ ఆదివారాలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

అమ్మ ఎంచుకున్న పిల్ల అడవి పక్క గుంపు నుంచి, అంటే చిన్న కోయగూడెం నుంచి, నడిచి వచ్చేది. ఇంట్లో వాళ్లది కోయ మాట. తరగతిలో ఆఖరి వరసలో, కిటికీ పక్కన కూర్చునేది. అమ్మ వెళ్లి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చునేది. ఆమెతో కలిసి అన్నం తినేది. ఒకసారి వాళ్ల గుంపుకు వెళ్లి నాలుగు కోయ మాటలు నేర్చుకొచ్చి, వంటగదిలో వాటినే వల్లె వేసింది. నాకు సాయంత్రం పాఠాలు బందయ్యాయి. ముందే నాకు చెబితే, నా జవాబుల చాటున మిగతా తరగతి తనకు కనపడదట. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత చూడలేదని ఏడిస్తే నాన్న, "పొరుగింటి పుల్లకూర రుచి బిడ్డా" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల టేకాకు దొప్పలో అమ్మకు ఉసిరికాయలు తెచ్చేది. ఉసిరికాయంటే ప్రాణం పెట్టే నేను వాటిని ముట్టలేదు.

మేడం రెండోసారి వచ్చిన రోజు, తరగతిలోకి వెళ్లబోతూ అమ్మ నన్ను పక్కకు పిలిచింది. కొంగు ముడి విప్పి ఒక ఉసిరికాయ తీసి నా బుగ్గన పెట్టింది. "నీ నోట్ల నువ్వుగింజ నానదు బిడ్డా. ఇదన్నా నిలుస్తదేమో చూద్దాం. గంట కొట్టేదాక కొరకొద్దు." ఆ కాయ ఎవరు తెచ్చిందో నాకు తెలుసు. అయినా ఉమ్మలేదు. ఆ ఆదివారాలు నాకూ గుర్తున్నాయి.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అమ్మ అడిగింది. జవాబు నా నాలుక చివరే ఉంది, కానీ పక్కనే కాయ ఉంది. తరగతి మొత్తం అలవాటుగా నా వైపు చూసింది. అమ్మ మాత్రం నన్ను చూడలేదు. ఊరికే నిలబడింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందో, నాకు దవడ నొప్పి పుట్టింది. చివరికి కిటికీ దగ్గర నుంచి చిన్న గొంతు వినబడింది. "నాలుగో వంతే టీచర్. మూడు కన్న నాలుగు పెద్దది గదా." ఆ వెంటనే నలుమూలల నుంచీ "అవ్ టీచర్, అవ్" అన్నారు.

తప్పు! అందరిదీ తప్పే! ఆ పాఠం అమ్మ ఎన్నోసార్లు చెప్పింది, ప్రతిసారీ నేను సరైన జవాబే ఇచ్చాను. అమ్మ ఒక్క క్షణం నిర్ఘాంతపోయింది. తర్వాత రెండు సమానమైన కాగితాలు తీసుకెళ్లి ఆ పిల్ల చేతిలో పెట్టి, ఒకదాన్ని మూడు సమాన భాగాలుగా, ఇంకోదాన్ని నాలుగుగా చింపమంది. ఆ పిల్ల ముక్కలు పక్కపక్కన పెట్టి చూసి, ఎగిరి లేచింది. "అమ్మా, గిదేంది, మూడో వంతే పెద్దగున్నది!"

టీచర్ అనలేదు. అమ్మా అంది. అంతమందిలో, బడి గేటు లోపల, నేను అనకూడని ఆ మాట! అమ్మ ముఖంలో నా వెలుగే వెలిగింది, ఆ పిల్ల కోసం. నేను కసిగా కాయ కొరికేశాను. పులుపుకో, అసూయకో కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక మేడం తప్పు జవాబు చెప్పిన పిల్లను చూసి మురిసిపోతోంది. సరైన జవాబు మింగిన నన్ను ఎవరూ చూడలేదు.

గంట కొట్టాక అమ్మ తన సీసాలోని నీళ్లు నాకు పట్టింది. ఉసిరికాయ తిన్న నోటికి అవి తియ్యగా తగిలాయి. "నీకొస్తదని నాకు తెల్సు బిడ్డా," అంది. "వాళ్లకు రాదని ఇన్నాళ్లు నాకే తెల్వలే." క్రెడిట్లు వచ్చాయి. అమ్మ ఎం.ఎడ్. కూడా పూర్తి చేసింది.

ఇప్పుడు నేనూ టీచర్నే. నా తరగతి పిల్లల దృష్టిలో ముసలి టీచర్ని కూడా. కాయల కాలం వస్తే నా బల్ల సొరుగులో ఉసిరికాయలుంటాయి. ప్రశ్న అడిగాక జవాబు నేనే చెప్పేయాలని నాలుక దురద పెడితే, ఒకటి బుగ్గన పెట్టుకుని నిలబడతాను. కాసేపటికి ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

అసూయ పోయిందా అంటే పోలేదు. ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఏటా చలికాలంలో ఉసిరికాయలు పట్టుకుని మా ఇంటికి వస్తుంది. వాకిట్లోంచే "అమ్మా" అని కేకేస్తుంది. మా అమ్మ ముఖం వెలుగుతుంది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను దొప్పలోంచి ఒక కాయ తీసి బుగ్గన పెట్టుకుని పక్కన కూర్చుంటాను. కొరకను.